దహించే అగ్ని సన్నిధిలో: క్రైస్తవ ఆరాధనలో భయభక్తులు

(ఆదిత్యపూర్ తెలుగు క్రైస్తవుల తొలితరం పెద్దల స్మారకోపన్యాసం)

1

జంషెడ్‌పూర్‌లో ఉక్కు పరిశ్రమ వేళ్ళూనుకున్న తొలి దశాబ్దాల నుంచి బతుకుతెరువు కోసం ఉత్తరాంధ్ర పల్లెలు విడిచి వచ్చిన తెలుగు కుటుంబాలు, ఖర్కాయి నదికి ఇవతలనున్న ఆదిత్యపూర్‌లోనూ కాలక్రమంలో స్థిరపడ్డాయి. వాటిలోని క్రైస్తవ కుటుంబాలు తెలుగు బైబిలును, కీర్తనల పుస్తకాన్ని మాత్రమే కాక, దేవుని సన్నిధిలో ఎలా నిలబడాలో, ఎలా కూర్చోవాలో, ఎప్పుడు మౌనంగా ఉండాలో నేర్పిన ఒక మర్యాదను కూడా వెంట తెచ్చుకున్నాయి. ఆ పెద్దల స్మృతికి అర్పించే ఈ ఉపన్యాసం ఆ మర్యాదకు మూలమైన భయభక్తులను పరిశీలిస్తుంది.

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయం చివర, కదలని రాజ్యాన్ని పొందినవారు కృతజ్ఞతతో, వినయంతో, భయభక్తులతో దేవుణ్ణి సేవించాలని బోధించి, దేవుడు దహించే అగ్ని కావడమే అందుకు కారణమని చెబుతుంది. రాజ్యాన్ని దానంగా ఇచ్చినవానికే భయపడమనడం మొదట వింతగా తోచవచ్చు గాని, ఆదిత్యపూర్ ఫౌండ్రీలలో పనిచేసేవారికి ఇది సులభంగానే అర్థమవుతుంది. కరిగిన లోహాన్ని అచ్చుల్లో పోసే కార్మికుడు ఆ వేడికి బెదిరి పారిపోడు, రోజూ దాని పక్కనే నిలబడి పని చేస్తాడు, అయితే పరాకుగా, నియమం తప్పి మాత్రం దాని దగ్గరికి వెళ్ళడు. మధ్యయుగపు వేదాంతులు, వారి తర్వాత మార్టిన్ లూథర్ దాసభయాన్నీ పుత్రభయాన్నీ వేరుచేసి చూపింది ఇందుకే. దెబ్బ తప్పించుకోవాలనే భయం దాసభయం. తండ్రి మనసు నొప్పించకూడదనే భయం పుత్రభయం. మొదటిది మనిషిని దేవుని నుంచి దూరంగా నెడుతుంది, రెండవది దగ్గరగా నిలుపుతుంది. ఆరాధన కోరేది రెండవదానినే.

2

ఈ భయం తెలుగునాట ఎలా ఆచరణలోకి వచ్చిందో చూడడానికి ఒంగోలు చరిత్ర మంచి ఉదాహరణ. 1866 నుంచి ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, 1876-78 నాటి మహాక్షామంలో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో అలమటించే వేలమందికి కూలి చూపించాడు. ఆ రోజుల్లో ఎందరో బాప్తిస్మం కోరి వచ్చినా, కూటి కోసం విశ్వాసం ఒప్పుకున్నారనే మాటకు తావివ్వకూడదని, అన్నం పెట్టిన చేతితోనే నీళ్ళలో ముంచడానికి ఇష్టపడక, క్షామం సాగినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపివేశాడు. సహాయపు పనులు ముగిశాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున వంతులవారీగా నీళ్ళలోకి దిగి, ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు.

ఈ సంఘటనను చెప్పుకునేవారు సాధారణంగా సంఖ్య దగ్గర ఆగిపోతారు. కాని భయభక్తుల దృష్టితో చూస్తే, ఆ సంఖ్యకు ముందు నడిచిన నిరీక్షణ కాలమే గొప్పది. దేవునికి చెందినదాన్ని మరో ప్రయోజనానికి, అది ఎంత మంచి ప్రయోజనమైనా సరే, పనిముట్టుగా వాడుకోకపోవడం భయభక్తుల మొదటి లక్షణమని ఆ నిరీక్షణ చెబుతుంది.

ఆనాడు గుండ్లకమ్మలో దిగినవారిలో అత్యధికులు మాదిగలు. ఊరి పెద్దల ఎదుట చెప్పులు తొడుక్కుని నడవడానికి కూడా వెరవవలసి వచ్చిన ఆ సమాజం, దేవుని ఎదుట ఇష్టపూర్వకంగా తల వంచడం నేర్చుకున్నాక, మనుషుల ఎదుట తల ఎత్తడం కూడా క్రమంగా నేర్చుకుంది. దేవుని భయం మనుషుల భయాన్ని సడలిస్తుందన్నది తెలుగు సంఘ చరిత్ర ఇచ్చే సాక్ష్యాలలో అతి విలువైనది.

3

లోపలి భయానికి శరీరం కూడా భాష కావాలి. 1950లో హైదరాబాదులో హెబ్రోను సహవాసాన్ని స్థాపించిన భక్తసింగ్ (1903-2000) ఆ భాషను ఈ నేల నుంచే తీసుకున్నాడు. విశ్వాసులు చెప్పులు బయట విడిచి, చాపల మీద కూర్చుని, స్త్రీలు తలమీద కొంగు కప్పుకుని ఆరాధించేవారు. ముందుగా రాసిపెట్టిన క్రమం లేకుండా ఎవరి హృదయం కదిలితే వారు లేచి ప్రార్థించేవారు. ఆపైన ప్రేమవిందులో, అంటే సంఘమంతా కలిసి తినే భోజనంలో, కులం చూడకుండా ఒకే పంక్తిన కూర్చునేవారు.

మరో దారిలో, 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం 1950లో వెలువరించిన ప్రభు భోజన ఆరాధన క్రమంలో, సమాధాన వందనాన్ని చేతి నుంచి చేతికి అందించే పద్ధతి చేర్చింది. ఇచ్చేవాని కుడి అరచేయి పుచ్చుకునేవాని కుడి అరచేతిని తాకుతుంది, ఇద్దరి ఎడమచేతులు వాటిని పైనుంచి మూస్తాయి; బల్ల దగ్గర మొదలైన ఆ వందనం వరుస వెంట సాగి చివరి మనిషిదాకా చేరుతుంది. ఒకటి క్రమం లేని ఆరాధన, మరొకటి క్రమబద్ధమైన ఆరాధన. అయినా రెండూ దేవుని ఎదుటికి వచ్చినవాణ్ణి పక్కవాని వైపు తిప్పుతాయి.

ఇది యాదృచ్ఛికం కాదు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో పౌలు, అయోగ్యంగా ప్రభు బల్లలో పాలుపొందడాన్ని తీవ్రంగా హెచ్చరించిన సందర్భం, ఉన్నవారు ముందే తిని తాగి లేనివారిని ఆకలితో వదిలేసిన సందర్భమే. యాకోబు పత్రిక కూడా బంగారు ఉంగరం పెట్టుకున్నవానికి మంచి చోటు చూపి, మురికి బట్టల పేదవాణ్ణి నిలబెట్టే సంఘాన్ని తప్పుపడుతుంది. బల్ల ముందు మోకరించి, పక్కవాణ్ణి అవమానించే సంఘంలో భయభక్తులు లేనట్టే.

4

కాబట్టి ఆరాధన తీరుపై నేటి చర్చను డప్పు, గిటారు, చప్పట్లు, స్పీకర్ల చుట్టూ మాత్రమే తిప్పడం సరికాదు. కీర్తనల గ్రంథం తాళాల మోతనూ కోరుతుంది, నిశ్శబ్దాన్నీ కోరుతుంది. ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు ముగించుకుని నిద్ర కళ్ళతో ఆరాధనకు వచ్చి కూర్చున్న కార్మికుడు, నలిగిన బట్టల కారణంగా ఎవరికీ తక్కువ కాడు. అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. వాక్యం చదివేవారు ఇంటి దగ్గర ఒకసారైనా చదువుకుని వస్తున్నారా? ప్రార్థన సాగుతుండగా దాన్ని వీడియో తీయడం ఆ ప్రార్థన కోసమా, చూసేవారి కోసమా? స్వస్థత సాక్ష్యంలో జరిగినదే చెబుతున్నారా? కానుకల లెక్క అందరి ఎదుట పెడుతున్నారా? ఎన్నికల వేళ వేదిక ఎవరికి ఇస్తున్నారు?

ఈ ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పగల సంఘం చాప మీద కూర్చున్నా, బెంచీ మీద కూర్చున్నా దేవునికి తగిన గౌరవమే ఇస్తుంది. దేవుని పేరును సొంత పనికి వాడుకోని సంఘం, ఆయన బల్ల దగ్గర ఎవరినీ తక్కువ చేయని సంఘం, ఆయనకు తప్ప మరెవరికీ భయపడని సంఘం, తన పిల్లలకు భయభక్తులను బోధించే అర్హత పొందుతుంది. తొలితరం పెద్దలు అప్పగించి వెళ్ళిన బాధ్యత ఇదే.