చెవి కారడం చిన్న విషయం కాదు



ఈ రోజు మేము మాట్లాడబోయేది చెవి, ముక్కు, గొంతు జబ్బుల గురించి. ఇది అంత పెద్ద విషయమా అని కొందరికి అనిపించవచ్చు. గుండె జబ్బంటే భయపడతాం, క్యాన్సర్ అంటే వణికిపోతాం. పిల్లవాడి చెవి కారుతోందంటే మాత్రం "చిన్నప్పుడు అందరికీ కారుతుంది, పెద్దయ్యాక అదే తగ్గిపోతుంది" అంటాం. షోలాపూర్ మగ్గాల వాడల్లోనూ, బెంగళూరు పౌరకార్మికుల కాలనీల్లోనూ, బరంపురంలోనూ, చెన్నైలోనూ, యానాంలోనూ తెలుగు ఇళ్ళలో ఈ మాట వినబడుతూనే ఉంటుంది. ఆ మాట నమ్మి ఊరుకున్నందుకు పిల్లల వినికిడి పోతుంది. సరిగా వినబడని పిల్లవాడు బడిలో వెనకబడతాడు. టీచరు అడిగింది అర్థంకాక "మొద్దు" అనిపించుకుంటాడు. చివరికి బడి మానేస్తాడు. అందుకే ఈ సంగతిని మేము ఆసుపత్రికి వదిలేయకుండా సంఘంలో మాట్లాడుతున్నాం.

పిల్లల్లో వచ్చే వినికిడి లోపాల్లో దాదాపు 60 శాతం నివారించదగినవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే సగానికి పైగా మన చేతిలో ఉన్నట్టే.

చెవి ఎందుకు కారుతుంది?

చెవికి, ముక్కుకి, గొంతుకి ఒకే డాక్టరు ఎందుకంటే ఆ మూడూ లోపల కలిసే ఉంటాయి. ముక్కు వెనక భాగం నుంచి మధ్య చెవికి ఒక సన్నని గొట్టం వెళ్తుంది. పెద్దవాళ్ళలో అది పొడవుగా, కాస్త ఏటవాలుగా ఉంటుంది. పిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేసినప్పుడు ముక్కులోని సూక్ష్మక్రిములు ఆ దారిన సులువుగా చెవిలోకి చేరతాయి. లోపల చీము పట్టి, ఒత్తిడి పెరిగి, బిడ్డ రాత్రంతా చెవి పట్టుకుని ఏడుస్తుంది. తర్వాత కర్ణభేరికి చిన్న రంధ్రం పడి చీము బయటికి వస్తుంది. నొప్పి తగ్గుతుంది. జబ్బు తగ్గిపోయిందని తల్లిదండ్రులు అనుకుంటారు. అసలు జాగ్రత్త పడాల్సింది అప్పుడే.

చాలాసార్లు ఆ రంధ్రం దానంతటదే పూడిపోతుంది. రెండు వారాలు దాటినా చెవి కారుతూనే ఉంటే మాత్రం అది దీర్ఘకాలిక జబ్బుగా మారుతోందని అర్థం. ఇందులో రెండు రకాలు ఉన్నాయి. మొదటి రకంలో జలుబు చేసినప్పుడల్లా, చెవిలో నీళ్ళు పోయినప్పుడల్లా పలచగా, ఎక్కువగా కారుతుంది. వినికిడి తగ్గుతుంది కానీ ప్రాణాపాయం తక్కువ. రెండో రకంలో కారేది కొంచెమే, దుర్వాసన మాత్రం ఎక్కువ. ఒక్కోసారి రక్తపు చార కూడా ఉంటుంది. ఈ రకంలో లోపల చర్మం గడ్డలా పెరిగి చుట్టూ ఉన్న ఎముకను తినేస్తూ పోతుంది. అది ముఖ నరానికి తగిలితే మూతి వంకర పోతుంది. మెదడు వరకు పాకితే మెదడువాపు, మెదడులో చీముగడ్డ వస్తాయి. కంపు కొట్టే చెవిని ఒక్క వారం కూడా వాయిదా వేయకూడదు. దానికి ఆపరేషనే మందు.

మొదటి రకానికి వైద్యం ఖరీదైనది కాదు. శుభ్రమైన మెత్తని నూలుగుడ్డను గాని, దూదిని గాని వత్తిలా చుట్టి చెవిలో నెమ్మదిగా పెట్టాలి. తడి పీల్చుకున్నాక తీసి మరొకటి పెట్టాలి. వత్తి పొడిగా వచ్చేదాకా ఇలా చేయాలి. రోజుకు మూడుసార్లు చేసి, ఆ తర్వాతే డాక్టరు రాసిన చుక్కలు వేయాలి. చీము నిండిన చెవిలో చుక్కలు వేస్తే అవి లోపలికి చేరవు. చుక్కల సీసాను కాసేపు అరచేతిలో పట్టుకుని వెచ్చబరచండి. చల్లగా వేస్తే తల తిరుగుతుంది. స్నానం చేసేటప్పుడు దూదికి వాజలైన్ రాసి చెవికి అడ్డం పెట్టాలి. చెవి ఆరాక కూడా రంధ్రం పూడకపోతే కర్ణభేరికి అతుకు వేసే ఆపరేషన్ ఉంది. మెడికల్ కాలేజీల ఆసుపత్రుల్లో ఇది మామూలుగా చేస్తూనే ఉంటారు.

చెవిలో పోయకూడనివి

వెల్లుల్లి వేసి కాచిన నూనె, ఆకుపసరు, పసిబిడ్డకు స్నానం చేయించేటప్పుడు చెవిలో పోసే ఆముదం, ఇవన్నీ మన పెద్దవాళ్ళు ప్రేమతో చేసేవే. కానీ కర్ణభేరికి రంధ్రం ఉంటే పోసినదంతా మధ్య చెవిలోకి పోతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

గుబిలి జబ్బు కాదు. అది చెవిని కాపాడే మైనం. మామూలుగా దానంతటదే బయటికి వస్తుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, బడ్స్ పెట్టి తిప్పితే బయటికి రావలసినది లోపలికి వెళ్ళి గట్టిపడుతుంది. ఒక్కోసారి కర్ణభేరి చిరుగుతుంది. చెవి మూసుకుపోయినట్టు ఉంటే డాక్టరు దగ్గర మెత్తబరిచే చుక్కలు వేయించుకుని తీయించుకోవాలి. రోడ్డు పక్కన చెవి శుభ్రం చేసేవాళ్ళ దగ్గర కూర్చోవద్దు.

పిల్లలు చెవిలోనో ముక్కులోనో శనగగింజ పెట్టుకుంటే నీళ్ళు పోయవద్దు, గింజ ఉబ్బుతుంది. బొమ్మల్లో, గడియారాల్లో ఉండే గుండ్రటి చిన్న బ్యాటరీ పెట్టుకుంటే ఆ గంటలోనే ఆసుపత్రికి పరుగెత్తాలి. కొద్ది గంటల్లోనే అది లోపలి భాగాన్ని కాల్చేస్తుంది.

పని తీసుకుపోతున్న వినికిడి

ఇప్పుడు పెద్దవాళ్ళ సంగతి. షోలాపూర్‌లో, భివండీలో తరతరాలుగా మన తెలుగువాళ్ళు మరమగ్గాల మీద బతుకుతున్నారు. మగ్గాల షెడ్డులో పక్కనున్న మనిషితో అరిచి మాట్లాడాలి. చేయి చాచినంత దూరంలో ఉన్నవాడితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తే ఆ శబ్దం చెవికి హాని చేసే స్థాయిలో ఉన్నట్టే లెక్క. రోజుకు ఎనిమిది గంటలకు 85 డెసిబెల్స్ దాకా హద్దు అని నిపుణులు చెబుతారు. అక్కడి నుంచి మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ గడువు సగమవుతుంది. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండు గంటలు. మరమగ్గాల షెడ్డుల్లో శబ్దం తరచూ 95 దాటుతుంది. ఇక పన్నెండు గంటల షిఫ్టు సంగతి మీరే లెక్క వేసుకోండి.

ఈ చెవుడు ఒక్కరోజులో రాదు. నొప్పి ఉండదు. మొదట సన్నని శబ్దాలు పోతాయి. "చాలు" అంటే "తాలు" అని, "పాలు" అంటే "కాలు" అని వినబడుతుంది. "మాట వినబడుతోంది కానీ అర్థం కావడం లేదు" అంటారు. రాత్రిపూట చెవిలో కీచురాయి కూసినట్టు ఉంటుంది. లోపలి చెవిలోని సున్నితమైన కణాలు చనిపోతే మళ్ళీ పుట్టవు. దీనికి మందు లేదు, ముందుజాగ్రత్తే ఉంది. దూది పెట్టుకుంటే సరిపోదు. శబ్దాన్ని ఆపడానికే తయారుచేసిన ఇయర్ ప్లగ్గులు గాని, చెవులను పూర్తిగా కప్పే మఫ్‌లు గాని వాడాలి. వాటిని కొనివ్వవలసింది యజమాని.

శబ్దం వల్ల వచ్చే చెవుడును 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. కార్మికుల నష్టపరిహారానికీ, ఈఎస్ఐకీ సంబంధించిన చట్టాలు కూడా దాన్ని గుర్తించాయి. అయినా "వయసు మీదపడింది, వినబడదు" అని సరిపెట్టుకునే నలభై ఏళ్ళ మనిషి మన మధ్య ఉంటాడు. అది వయసు వల్ల వచ్చిన చెవుడు కాదు, పని వల్ల వచ్చినది. పనిలో చేరేటప్పుడు ఒకసారి, తర్వాత ఏడాదికొకసారి వినికిడి పరీక్ష చేయించుకుని కాగితం దాచుకోండి. హక్కు అడగడానికి ఆ కాగితమే ఆధారం.

యువతకు ఒక మాట. ఫోనులో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నప్పుడు శబ్దం 60 శాతం దాటనివ్వకండి, మధ్యమధ్య చెవికి విశ్రాంతి ఇవ్వండి. పండుగ సభల్లో, ఊరేగింపుల్లో, మన ఆరాధనల్లో కూడా చిన్నపిల్లలను స్పీకరు బాక్సుల ముందు కూర్చోబెట్టకండి. సౌండ్ చూసుకునే తమ్ముళ్ళు ఈ మాట ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి.

పుట్టుకతో వినబడని బిడ్డ

చప్పుడుకు ఉలిక్కిపడని పసిబిడ్డను, ఏడాది దాటినా ఒక్క మాటా పలకని బిడ్డను "వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడాడు" అని వదిలేయవద్దు. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వైద్యం మొదలుపెట్టాలని నిపుణుల సూత్రం. పరీక్షలో సూది ఉండదు, బిడ్డ నిద్రపోతుండగానే చేస్తారు. భాష నేర్చుకునే వయసు దాటిపోతే ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా ఫలితం తగ్గుతుంది.

మేనమామనో, మేనత్త కొడుకునో పెళ్ళి చేసుకునే ఆచారం మన తెలుగు కుటుంబాల్లో ఉంది. పరాయి రాష్ట్రంలో సంబంధాలు దొరకడం కష్టమై కొన్ని చోట్ల ఇది ఇంకా గట్టిపడింది. దగ్గరి రక్త సంబంధంలో పెళ్ళి వల్ల పుట్టుచెవుడు వచ్చే అవకాశం పెరుగుతుంది. పిల్లల పెళ్ళి మాటలు మొదలయ్యేటప్పుడే పెద్దలు ఈ సంగతి ఆలోచించాలి. అయితే అలాంటి బిడ్డ పుట్టాక తల్లిని నిందించడం అన్యాయం.

మనలాంటి కుటుంబాలకు ఇంకొక చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, బయట కన్నడమో మరాఠీయో తమిళమో ఒడియానో. మాటలు నేర్పే థెరపిస్టుకు మన భాష రాకపోవచ్చు. మొదటి రోజే "మా ఇంట్లో తెలుగు మాట్లాడతాం" అని చెప్పండి. బిడ్డతో రోజంతా ఉండేది అమ్మ, నాన్న, అమ్మమ్మ. వాళ్ళకు బాగా వచ్చిన భాషలోనే బిడ్డతో ఎక్కువగా మాట్లాడాలి. వచ్చీరాని భాషలో నాలుగు మాటలతో సరిపెట్టకూడదు. కొందరు బిడ్డలకు సైగల భాషే సొంత భాష అవుతుంది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. భారతీయ సైగల భాష కోసం 2015లో ఢిల్లీలో జాతీయ కేంద్రమే ఏర్పడింది.

ముక్కు, గొంతు

ముక్కు గురించి క్లుప్తంగా చెబుతాం. చెత్త ఊడ్చే, దుమ్ములో పనిచేసే మన అక్కచెల్లెళ్ళకు పొద్దున్నే వరసగా తుమ్ములు, ముక్కు దిబ్బడ మామూలు. ఇది అలర్జీ. మాస్కు, డాక్టరు రాసిన ముక్కు స్ప్రే క్రమంగా వాడితే అదుపులో ఉంటుంది. మందులషాపులో కొనే దిబ్బడ చుక్కలను ఐదు రోజులకు మించి వాడితే దిబ్బడ ఇంకా పెరుగుతుంది. ముక్కు నుంచి రక్తం కారితే తల వెనక్కి వాల్చకూడదు. కూర్చుని, ముందుకు వంగి, ముక్కు మెత్తని భాగాన్ని పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకుని నోటితో ఊపిరి తీసుకోవాలి. ఆగకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి. పెద్దవాళ్ళు బీపీ చూపించుకోవాలి. పిల్లవాడికి ఒక్క ముక్కుపుటం నుంచే దుర్వాసనతో చీమిడి కారుతుంటే లోపల ఏదో ఇరుక్కుందని అనుమానించాలి.

గొంతునొప్పి చాలావరకు వైరస్ వల్ల వస్తుంది. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే ఉపశమనం ఉంటుంది, యాంటీబయాటిక్ అక్కర్లేదు. కానీ బడి వయసు పిల్లలకు దగ్గు, జలుబు లేకుండా జ్వరం, గొంతునొప్పి, మెడ బిళ్ళలు వస్తే డాక్టరుకు చూపించాలి. ఒక రకం బ్యాక్టీరియా వల్ల వచ్చిన గొంతునొప్పిని సరిగా నయం చేయకపోతే కీళ్ళవాతం జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడిపోతాయి. ఇరుకు ఇళ్ళలో ఇది ఎక్కువ. మందు రాసిస్తే రెండు రోజులకే ఆపకుండా పూర్తిగా వాడాలి. టాన్సిల్స్ పెద్దగా కనబడినంత మాత్రాన తీయించనవసరం లేదు. ఏడాదిలో ఏడు సార్లో అంతకన్నా ఎక్కువో తీవ్రంగా వస్తే, లేదా నిద్రలో ఊపిరి ఆగుతుంటే అప్పుడు ఆలోచిస్తారు.

గొంతు మూడు వారాలకు మించి బొంగురుగా ఉంటే తప్పకుండా పరీక్ష చేయించాలి. పాస్టర్లు, టీచర్లు, పాటలు పాడేవాళ్ళు గొంతు చించుకోవడం వల్ల స్వరతంతువులపై చిన్న కాయలు వస్తాయి. విశ్రాంతితో, సరిగా గొంతు వాడడం నేర్చుకుంటే అవి తగ్గుతాయి. పొగ తాగేవాళ్ళలో అదే బొంగురు క్యాన్సర్‌కు మొదటి గుర్తు కావచ్చు. తొలి దశలో దొరికితే స్వరపేటిక క్యాన్సర్ చాలావరకు నయమవుతుంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి గంజాం దాకా కొందరు పెద్దమ్మలు చుట్టను నిప్పు లోపల పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. అంగిలిలో తెల్లని మచ్చ, మానని పుండు ఉంటే వాళ్ళను గదమాయించకుండా చేయి పట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఎక్కడికి వెళ్ళాలి?

కేంద్ర ప్రభుత్వ చెవుడు నివారణ కార్యక్రమం 2007 నుంచి ఉంది. ముందు జిల్లా ఆసుపత్రి ఇ.ఎన్.టి. విభాగానికి వెళ్ళండి. కర్ణాటకలో మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965 నుంచి పనిచేస్తోంది. ముంబైలో అలీ యావర్ జంగ్ సంస్థ ఉంది. చెన్నైలో ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, యానాం వారికి దగ్గరలో కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. పేద కుటుంబాలకు వినికిడి యంత్రాలు ఇచ్చే అడిప్ అనే కేంద్ర పథకం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఒక రాష్ట్రంలో తీసుకున్న ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుంది. "మీరు ఈ రాష్ట్రం వాళ్ళు కాదు" అని ఎవరైనా అంటే ఈ చట్టం పేరు చెప్పండి.

హఠాత్తుగా ఒక చెవి వినబడకపోయినా, చెవి జబ్బుతో పాటు మూతి వంకరపోయినా, విపరీతమైన తలనొప్పి, వాంతులు వచ్చినా ఆ రోజే వెళ్ళాలి. రేపు అనుకోవద్దు.

చివరిగా యువతను అడుగుతున్నాం. మీకు స్థానిక భాష వచ్చు, ఆసుపత్రి దారి తెలుసు. మీ వీధిలో చెవి కారుతున్న పిల్లలు ఎవరో, పిలిస్తే పలకని తాతలు ఎవరో మీకు తెలుసు. వచ్చే నెలలోగా ఒక్కొక్కరు ఒక్కరిని ఆసుపత్రికి తోడుగా తీసుకువెళ్ళండి. ఓపీ చీటీ రాయించండి, డాక్టరు చెప్పింది తెలుగులో వివరించండి, చుక్కలు ఎలా వేయాలో ఇంట్లో చూపించండి. రెండు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళి ఆ చెవి ఆరిందో లేదో చూడండి.