తెల్లవారిన తరువాత

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగములు: నిర్గమకాండము 22:2, 3; అపొస్తలుల కార్యములు 21:31 నుండి 23:24 వరకు

మీరు ఇంటిలో కుటుంబముతో కూర్చుని వింటున్నా, ఆసుపత్రి పడకపై ఉండి వింటున్నా, రాత్రి డ్యూటీలో నిలబడి వింటున్నా, ఈ కొద్ది నిమిషములు దేవుని వాక్యము దగ్గరకు రమ్మని ప్రేమతో మిమ్మును ఆహ్వానిస్తున్నాను.

ఈ దినము ఒక కష్టమైన సంగతిని ధ్యానించబోతున్నాము. మన ఇల్లు, మన ఆడపిల్లలు, మన వీధి క్షేమముగా ఉండవలెనని మనమందరము కోరుకుంటాము. అందుకు పోలీసువారికి అధికారము ఉండవలెను, బలము ఉండవలెను. అయితే ఆ బలము ఎంతవరకు? నేరము చేశాడని అనుమానము ఉన్న మనిషికి కూడా హక్కులున్నాయా? ఉంటే, మన క్షేమము మాటేమిటి? ఈ ప్రశ్నను నేను పుస్తకములలో చదివి మీ ముందుకు తేలేదు. నా తప్పు వలన ఇది నా దగ్గరకు వచ్చింది. దానిని ముందుగా ఒప్పుకొని, ఆ తరువాత వాక్యములోనికి వెళ్తాను.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాదు దగ్గర ఒక యువ పశువైద్యురాలి మీద జరిగిన ఘోరము మీకు జ్ఞాపకమున్నది. తెలుగు నేల అంతా ఏడ్చింది. మా ఇంట్లోనూ ఆ వారమంతా ఎవరికీ అన్నము సహించలేదు. డిసెంబరు 6 తెల్లవారుజామున, షాద్‌నగర్ సమీపములోని చటాన్‌పల్లి వద్ద, పోలీసుల అదుపులో ఉన్న నలుగురు నిందితులు కాల్పులలో చనిపోయారు. వారు ఆయుధములు లాక్కొని దాడి చేసినందున కాల్చవలసి వచ్చిందని పోలీసువారు చెప్పారు. జనము పోలీసుల మీద పూలు చల్లారు. ఆ తరువాతి ఆదివారము నేను సంఘములో నిలబడి, "దేవుడు న్యాయము చేశాడు, చప్పట్లతో ఆయనను స్తుతిద్దాము" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆరాధన ముగిసిన తరువాత ఒక పెద్దామె నా దగ్గరకు వచ్చింది. చాలా సంవత్సరముల క్రితము ఆమె పెద్ద కుమారుని ఒక దొంగతనము కేసులో అనుమానము మీద తీసుకొనిపోయారు. ఆమె నాతో ఇలా అన్నది: "అయ్యగారూ, మీరు చప్పట్లు కొట్టుమన్నరు. నా చేతులు లేవలే. మా పెద్దోణ్ణి పట్టుకపోయినప్పుడు ఊరంతా వాడే దొంగ అన్నది. వాణ్ణి గూడ ఆ రాత్రే కాల్చి ఉంటే, పది దినాలకు అసలు దొంగ దొరికినంక నా కొడుకును నాకెవలు తెచ్చిద్దురయ్యా?"

నా దగ్గర జవాబు లేదు. ఆమె వెళ్లిపోయిన తరువాత బైబిలు తెరిచి కూర్చున్నాను. అప్పుడు నిర్గమకాండము 22వ అధ్యాయములోని రెండు వచనములు నన్ను ఆపివేశాయి.

ప్రియులారా, ఆ ధర్మశాస్త్రము ఏమి చెప్పుచున్నదో గమనించండి. రాత్రివేళ దొంగ కన్నము వేస్తూ ఇంటిలోనికి వస్తుండగా ఇంటివాడు కొట్టిన దెబ్బకు వాడు చనిపోతే, ఇంటివాని మీద రక్తాపరాధము లేదు. చీకటిలో వచ్చినవాడు దోచుకొనుటకు వచ్చాడో, చంపుటకు వచ్చాడో ఇంటివానికి తెలియదు. పిల్లలను కాపాడుకొనవలెను. దేవుడు ఆ భయమును ఎరిగినవాడు. అయితే అదే దొంగను తెల్లవారిన తరువాత చంపితే రక్తాపరాధము ఉన్నది. అదే దొంగ, అదే దొంగతనము! మారినది ఏమిటి? వెలుగు వచ్చింది. ఇప్పుడు వాని ముఖము కనబడుతున్నది, సహాయమునకు నలుగురిని పిలువవచ్చును, వానిని పట్టి న్యాయాధిపతి దగ్గరకు తీసుకొని వెళ్లవచ్చును. ఇక వాని నేరమునకు తీర్పు ఇంటివాని చేతిలో లేదు. దొంగిలించినదానికి వాడు సొమ్ము చెల్లించవలెను, చెల్లించలేకపోతే వాడే అమ్మబడవలెను అని ఆ వచనము చెప్పుచున్నది. శిక్ష ఉన్నది. కానీ ఆ శిక్ష తీర్పు ద్వారా రావలెను.

మన దేశ చట్టములోనూ ఈ గీత ఉన్నది. ప్రాణాపాయము ఎదురుగా ఉన్నప్పుడు ఆత్మరక్షణ కొరకు బలము వాడుట నేరము కాదు. అపాయము ఆగిపోయి, మనిషి చేతికి చిక్కిన తరువాత ఆ హక్కు ముగిసిపోతుంది. అప్పటినుండి అతడు చట్టము చేతిలో ఉన్నాడు.

ఇప్పుడు అపొస్తలుల కార్యములలోనికి రండి. యెరూషలేము దేవాలయములో జనము పౌలును పట్టుకొని కొట్టుచున్నారు, చంపబోతున్నారు. ఆ సమయములో ఆయనను రక్షించినది ఎవరు? సంఘపెద్దలు కాదు. రోమా సహస్రాధిపతి, అతని సైనికులు. వారు పరుగెత్తి రాగానే జనము కొట్టుట మానారు. పౌలు ఆ దినమున బ్రతికాడంటే అధికారి బలము వలన బ్రతికాడు. కనుక పోలీసు లేని సమాజమే స్వేచ్ఛగల సమాజము అని ఎవరైనా చెప్పితే నమ్మకండి. అక్కడ గుంపుదే రాజ్యము.

అయితే కొద్ది సమయములోనే అదే అధికారి ఏమి చేశాడు? జనము ఎందుకు కేకలు వేస్తున్నారో తెలిసికొనుటకు పౌలును కొరడాలతో కొట్టి విచారించుమన్నాడు. దీనిని మన వాడుకలో థర్డ్ డిగ్రీ అంటాము. వారు పౌలును వారులతో కట్టారు. అప్పుడు పౌలు దగ్గర నిలిచిన శతాధిపతిని ఒక్క ప్రశ్న అడిగాడు. శిక్ష విధింపకమునుపే రోమా పౌరుని కొరడాలతో కొట్టుటకు మీకు చట్టము ఉన్నదా అన్నాడు. కొరడా ఆగిపోయింది. ఆయనను కట్టించినందుకు సహస్రాధిపతి భయపడ్డాడు. పౌలు క్రీస్తు కొరకు శ్రమపడుటకు వెనుదీసినవాడు కాదు, ఎన్నో దెబ్బలు తిన్నవాడు. అయినా చట్టము ఇచ్చిన హక్కును అడుగుట అవిశ్వాసమని ఆయన తలంచలేదు.

మూడవ దృశ్యము చూడండి. నలుబదిమందికంటె ఎక్కువమంది పౌలును చంపుదుమని ఒట్టు పెట్టుకొన్నారు. పౌలు మేనల్లుడు ఆ సంగతి విని అధికారికి చెప్పాడు. అప్పుడు ఆ సహస్రాధిపతి రెండువందలమంది సైనికులను, డెబ్బదిమంది గుఱ్ఱపు రౌతులను, రెండువందలమంది ఈటెలవారిని సిద్ధపరచి, రాత్రి తొమ్మిది గంటలకు ఆ ఖైదీని కైసరయకు పంపించాడు. ఒక్క ఖైదీకి నాలుగువందల డెబ్బదిమంది కాపలా! కోర్టుకు ప్రాణముతో చేర్చుటయే వారికి అప్పగించిన పని. పౌలు విచారణకు చేరవలెను. దోషియో నిర్దోషియో అక్కడ తేలవలెను.

సహోదరులారా, మన రాజ్యాంగము 22వ అధికరణము చెప్పుచున్నది ఇదే. అరెస్టయిన మనిషిని, ప్రయాణ కాలము మినహాయించి, 24 గంటలలోపు మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టవలెను. ఎందుకు పట్టుకొన్నారో చెప్పవలెను. న్యాయవాదిని కలువనియ్యవలెను. ముందస్తు నిర్బంధ చట్టముల క్రింద పట్టబడినవారికి మాత్రము వేరే నియమములున్నాయి. 1986లో పశ్చిమ బెంగాలులో న్యాయసహాయ సంస్థ నడిపిస్తున్న డి.కె. బసు, లాకప్పులలో మరణముల గురించి పత్రికలలో వచ్చిన వార్తలను చూపి సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరము వ్రాశారు. కోర్టు ఆ ఉత్తరమునే పిటిషనుగా తీసికొని, 1996 డిసెంబరు 18న తీర్పు చెప్పింది. పోలీసు తన పేరు కనబడేలా బ్యాడ్జి ధరించవలెను. అరెస్టు సమయము వ్రాసి, కుటుంబ సభ్యునితోనో ఆ ప్రాంతపు పెద్దమనిషితోనో సాక్షి సంతకము చేయించవలెను. బంధువుకు కబురు చెప్పవలెను. కస్టడీలో ఉన్నంతకాలము 48 గంటలకు ఒకసారి వైద్యపరీక్ష చేయించవలెను. ఇట్టివి పదకొండు ఆజ్ఞలు ఇచ్చింది. ఉగ్రవాదము, నేరముల వలన పోలీసువారికున్న కష్టమును ఆ తీర్పు కాదనలేదు. దేశ భద్రత కొరకు ఒకని స్వేచ్ఛ తగ్గవలసిన సమయము ఉన్నదని ఒప్పుకొన్నది. అయితే ఆ తగ్గింపు చట్టము ప్రకారమే జరుగవలెను అన్నది. 2024 జూలై 1 నుండి అమలైన కొత్త నేరవిచారణ చట్టములోనూ అరెస్టు పత్రము, సాక్షి సంతకము, బంధువుకు కబురు అనే నియమములున్నాయి.

"అయ్యా, దొంగలకు ఇన్ని హక్కులిస్తే మనకు రక్షణ ఏది?" అని మీరు అడుగవచ్చును. నేనూ అడిగాను. కానీ ఆ నవంబరు రాత్రి సంగతి మరల తలంచండి. కూతురు కనబడుటలేదని ఆ కుటుంబము పోలీసువారి దగ్గరకు పరుగెత్తింది. ఇది మా పరిధి కాదు అనే మాట తమకు ఎదురైందని వారు చెప్పారు. ఫిర్యాదు నమోదులో ఆలస్యము జరిగినందుకు ముగ్గురు పోలీసు ఉద్యోగులను సస్పెండు చేశారు. ఆలస్యము లేకపోతే ఆమె బ్రతికేదని నేను చెప్పలేను. కానీ ఆ రాత్రి ఆ తల్లిదండ్రులకు కావలసినది ఏమిటి? వెంటనే తెరుచుకొనే తలుపు. ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసికొనే జీరో ఎఫ్.ఐ.ఆర్. ఇప్పుడు చట్టములోనే వ్రాయబడింది. నిందితుని హక్కులకు, ఆ తలుపు తెరుచుకొనకపోవుటకు సంబంధము లేదు. రెండు చోట్లా అవసరమైనది ఒక్కటే, చట్టము చెప్పిన పనిని చట్టము చెప్పినట్లు చేయుట.

ఆ కాల్పుల విషయమై సుప్రీంకోర్టు నియమించిన, విశ్రాంత న్యాయమూర్తి వి.ఎస్. సిర్‌పుర్కర్ అధ్యక్షత వహించిన కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటకు వచ్చింది. చంపవలెనన్న ఉద్దేశముతోనే కాల్పులు జరిగాయని, చనిపోయిన నలుగురిలో ముగ్గురికి అప్పటికి పద్దెనిమిదేళ్లు నిండలేదని అది అభిప్రాయపడింది. సుప్రీంకోర్టు ఆ సంగతిని తెలంగాణ హైకోర్టుకు పంపింది. పోలీసులలో ఎవరు దోషులో చెప్పుట నా పని కాదు. వారికి కూడా న్యాయమైన విచారణ కావలెను. ఆ నలుగురు నిర్దోషులని కూడా నేను చెప్పుటలేదు. విచారణ జరుగలేదు గనుక ఆ యువతికి జరిగిన అన్యాయము కోర్టులో సాక్ష్యముతో రుజువు కాకుండానే మిగిలిపోయింది. న్యాయము జరిగిందని నేను చప్పట్లు కొట్టించిన దినమున న్యాయము తలుపు మూసుకొనిపోయింది.

మన స్వేచ్ఛకు కూడా హద్దు ఉన్నదని మరువకూడదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, ఇల్లు కట్టుకొన్నవాడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టవలెనని దేవుడు ఆజ్ఞాపించాడు. ఇల్లు నాది, డాబా నాది, అయినా అక్కడినుండి ఎవరైనా పడిపోతే దోషము నాది. రాజ్యాంగము 25వ అధికరణము మనకు ఇచ్చిన మత స్వేచ్ఛ కూడా శాంతిభద్రతలకు, నీతికి, ప్రజారోగ్యమునకు లోబడి ఇచ్చినదే. 2000లో చెన్నైలోని ఒక సంఘము మైకుల విషయములో సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. ఇతరుల నెమ్మదిని చెరిపి ప్రార్థించుమని ఏ మతమూ చెప్పదని కోర్టు అన్నది. రాత్రి పదిగంటల తరువాత మైకు ఆపుమని ఎస్సై వచ్చి చెప్పితే, దానిని హింస అని పిలువకండి. ప్రక్క ఇంటిలో జ్వరముతో ఉన్న బిడ్డ కొరకు అది పిట్టగోడ.

ప్రియులారా, మన ప్రభువు కూడా రాత్రివేళ పట్టబడ్డాడు. తీర్పు కాకమునుపే ప్రధానయాజకుని యెదుట ఒక బంట్రౌతు ఆయన చెంప మీద కొట్టాడు. యేసు ఏమన్నాడు? నేను చెప్పినది చెడ్డదైతే సాక్ష్యము చెప్పుము, మంచిదైతే ఎందుకు కొట్టుచున్నావని అడిగాడు. యోహాను 18వ అధ్యాయము చదవండి. సాక్ష్యము అడిగాడు. తరువాత గుంపు కేకలు వేసింది, పిలాతు ఆ కేకలకు లోబడ్డాడు. ఆ గుంపులో చప్పట్లు కొట్టినవారి ప్రక్కన నేను కూడా నిలబడ్డానని ప్రభువు నాకు చూపించాడు. ఆయన సిలువ అట్టివారి కొరకే గనుక క్షమాపణ పొందాను. తరువాతి ఆదివారము సంఘము ఎదుట ఒప్పుకొన్నాను. ముందు వరుసలో కూర్చున్న ఆ పెద్దామె కన్నీళ్లు తుడుచుకొన్నది.

ఇప్పుడు మనమేమి చేయవలెను? పోలీసు ఉద్యోగములో ఉన్న సహోదరుల కొరకు ప్రార్థించండి. నిద్ర లేక, పండుగ లేక, పైవారి ఒత్తిడి, జనుల కోపము మోస్తూ వారు పనిచేస్తున్నారు. పండుగనాడు డ్యూటీలో ఉన్న కానిస్టేబులు ఇంటికి ఒక గిన్నె పాయసము పంపండి. నేరము చేసిన మనవాడిని దాచిపెట్టకండి, మేనల్లుడు చేసినట్లు తెలిసిన సంగతిని అధికారికి చెప్పండి. ఎవరి కుమారుడైనా పట్టబడితే ఆ తల్లిని ఒంటరిగా స్టేషనుకు పంపకండి. సంఘపెద్దలు ఇద్దరు మర్యాదగా తోడు వెళ్లండి, అరెస్టు పత్రము అడగండి, మేజిస్ట్రేటు ఎదుట ఎప్పుడు నిలబెడుతారో అడగండి. కస్టడీలో ఉన్నవానికి ఉచిత న్యాయసహాయము హక్కు. 15100 నంబరుకు ఫోను చేయవచ్చును. గుంపు ఎవరినైనా కొట్టుచున్నట్లయితే 112కు ఫోను చేయండి, ఆ గుంపులో చేరకండి.

ప్రార్థన చేసికొందాము. నీతిగల తండ్రీ, మా ఇండ్లను, మా కుమార్తెలను కాపాడుము. కాపలా కాయువారికి ధైర్యమును, చేయి ఆపుకొను బలమును దయచేయుము. కన్నీటిలో ఉన్న బాధితుల కుటుంబములకు ఆలస్యము లేని న్యాయము కలుగనిమ్ము. కటకటాల వెనుక ఉన్నవారిని జ్ఞాపకము చేసికొనుము. గుంపుతో కలిసి కేకలు వేసిన మా నోళ్లను క్షమించుము. తీర్పులేకుండ కొట్టబడిన యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.