పెద్దలకు మాత్రమే
(మన సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుని ప్రసంగపాఠం)



డి.ఏ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ నాకంటే బాగా మాట్లాడగలవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను అమెరికా విశేషాలు చెప్పమన్నారు. నయాగరా ఫొటోలు మీరు ఇదివరకే ఎన్నో ఇళ్ళలో చూసి ఉంటారు కనుక, నేనొక సినిమా హాలు గురించి చెబుతాను.

2024లో మేము కాలిఫోర్నియాలో మా అమ్మాయి దగ్గర ఉండగా మా పెళ్ళయి 40 ఏళ్ళు నిండాయి. ఆ రాత్రికి అమ్మాయి మా ఇద్దరికే టికెట్లు కొని, "అది అడల్ట్స్ ఓన్లీ థియేటరమ్మా, పిల్లల్ని రానివ్వరు" అంది. మా ఆవిడ కంగారుపడి, "ఈ వయసులో మాకు ఆ సినిమాలేమిటే!" అంది.

ఆవిడ అలా అనుకోవడంలో వింత లేదు. మన దేశంలో 'పెద్దలకు మాత్రమే' అన్నది సినిమాకు వేసే ముద్ర. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద 'ఎ' సర్టిఫికెట్టు ఇచ్చిన బొమ్మకు 18 ఏళ్ళు నిండనివారిని రానివ్వకూడదు. అక్కడ ఆ ముద్ర బొమ్మకు కాదు, హాలుకు. కుర్చీ దగ్గరికే భోజనంతోపాటు మద్యమూ తెచ్చిస్తారు. 1984లో చేసిన చట్టం దరిమిలా ఆ దేశమంతటా మద్యం కొనడానికి 21 ఏళ్ళు నిండాలి. అందుకని కొన్ని హాళ్ళు ఆ వయసు దాటినవారినే రానిస్తాయి. తెరమీద ఆడేది మామూలు సినిమాయే.

గుమ్మం దగ్గర వయసు రుజువు అడిగారు. ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చే అలవాటున్నవాణ్ణి గనుక పాస్‌పోర్టు జేబులోనే ఉంచుకున్నాను!

టికెట్టు తలా 26 డాలర్లు, అంటే మన రూపాయల్లో రెండు వేల పైచిలుకు. నేల, బెంచీ, కుర్చీ తరగతులు చూసిన మనకు అది అచ్చంగా పడక తరగతి. బొత్తాం నొక్కితే కాళ్ళ కింద మెత్త పైకి లేస్తుంది, వీపు వెనక్కి వాలుతుంది. ఇంకో బొత్తాం నొక్కితే ఒక కుర్రవాడు చీకట్లో వంగి నడుస్తూ వచ్చి ఏం కావాలో రాసుకుపోతాడు.

పళ్ళెం రాగానే మా ఆవిడ లేచి నాకు వడ్డించబోయింది. ఆ అబ్బాయి ఆమెను కూర్చోమని, తానే అమర్చి, ఇంకేమైనా కావాలా అని అడిగి వెళ్ళాడు. ఆవిడ కాసేపు తెరకేసి చూడలేదు. తర్వాత నెమ్మదిగా, "కూర్చున్నచోటికి అన్నం తెచ్చిపెట్టి ఇంకేం కావాలని నన్నడిగింది మా అమ్మ తర్వాత ఈ అబ్బాయేనండీ" అంది.

మిత్రులారా, మనకు శాలువా కప్పి, పూలదండ వేసి విశ్రాంతి ఇచ్చారు. ఇంట్లో మన తోటి ఉద్యోగికి ఆ ఆర్డరు ఎవరూ ఇవ్వలేదు. మన సినిమాల్లో సగంలో 'విశ్రాంతి' అని తెరమీద పడుతుంది. వంటింట్లో అది పడగా ఎవరూ చూడలేదు.

అమెరికా వెళ్ళేవారికి నాలుగు మాటలు. అక్కడ సినిమాకు ఇంటర్వెల్ ఉండదు. ముందే బాత్‌రూమ్‌కి వెళ్ళి రండి. రెండు గంటలు వాలి ఉన్నాక ఒక్కసారిగా లేవకండి, కళ్ళు తిరగవచ్చు. చెవి మందగించినవారు మొహమాటపడవద్దు. అక్కడి న్యాయశాఖ 2016లో చేసిన నిబంధన ప్రకారం, మాటల్ని అక్షరాలుగా చూపే పరికరం అడిగితే హాలువారు ఇవ్వాలి.

అమెరికాయే వెళ్ళనక్కర లేదు. వాలుకుర్చీల హాళ్ళు హైదరాబాదులోనూ ఉన్నాయి. అంత ఖర్చు వద్దనుకుంటే మామూలు హాలూ, దగ్గర్లో టిఫిను హోటలూ చాలు. పెన్షను పడిన వారంలో ఒక పూట ఇద్దరే వెళ్ళండి. మనవల్ని ఆ పూటకు వాళ్ళ అమ్మానాన్నలకు అప్పజెప్పండి. పొయ్యి వెలిగించవద్దు. జోడు కోల్పోయిన సభ్యులను మన సంఘమే నెలకోసారి కలిపి తీసుకువెళ్ళాలని కార్యవర్గానికి నా మనవి. ఆ పని ఈ సంవత్సరమే మొదలుపెడితే మొదటి చందా నాది.