నీలిరంగు కింద ఊళ్లు

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతికి అంకితమో ఆ మాస్టారు మాకు భూగోళం చెప్పారు. పటంలో జలాశయం నీలిరంగు మీద వేలు పెట్టి, "దీని కింద ఏముండేదిరా?" అని అడిగేవారు. అప్పట్లో మాకు జవాబు తెలిసేది కాదు. ఆ ప్రశ్న పట్టుకునే ఈ రోజు మిమ్మల్ని ఇంగ్లండులోని డెర్బీషైర్‌కు, డర్వెంట్ నది లోయకు తీసుకెళ్తున్నాను.

అక్కడి లేడీబవర్ జలాశయానికి వెళ్లినవాళ్లు చుట్టూ కొండలూ అడవీ చూసి మురిసిపోతారు. ఆ నీటి అడుగున డర్వెంట్, ఆషప్టన్ అనే రెండు ఊళ్లున్నాయి.

షెఫీల్డ్, డెర్బీ, నాటింగ్‌హామ్, లెస్టర్ నగరాలు మిల్లులతో, కొలుములతో పెరిగి దాహంతో ఉన్న రోజులవి. 1899లో చట్టం చేసి డర్వెంట్ లోయ జలమండలిని పెట్టారు. ముందు ఎగువన హౌడెన్, డర్వెంట్ అనే రెండు రాతి ఆనకట్టలు లేచాయి. వాటిని కట్టే కూలీల కోసం బర్చిన్‌లీ అని రేకుల ఇళ్లతో ఒక ఊరే వెలిసింది. బడి, ఆసుపత్రి, అంగళ్లు అన్నీ ఉండేవి. పని అయిపోగానే ఆ ఊరిని విప్పేశారు.

నగరాలకు ఆ నీళ్లూ చాలలేదు. 1935లో దిగువన లేడీబవర్ పని మొదలైంది. ఇది మట్టికట్ట, నడుమ బంకమట్టి గోడ. ముంపు ఊళ్లవాళ్ల కోసం కట్టకు దిగువన యార్క్‌షైర్ బ్రిడ్జ్ దగ్గర ఇళ్లు కట్టించారు. మంచి ఇళ్లే. అయితే ఇల్లు ఇస్తే ఊరు ఇచ్చినట్టే అనుకోవడం పొరపాటని నా గట్టి నమ్మకం.

డర్వెంట్ చర్చిలో చివరి ప్రార్థన 1943 మార్చి 17న జరిగింది. అప్పటికే శ్మశానంలోని అస్థికలను తవ్వి తీసి, బామ్‌ఫర్డ్‌లో మళ్లీ ఖననం చేశారు. చర్చి గంట డెర్బీ నగరంలోని చాడెస్‌డెన్ చర్చికి చేరింది. 17వ శతాబ్దపు డర్వెంట్ హాల్ అనే పెద్ద భవంతిని కూల్చేశారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఎగువన డర్వెంట్ ఆనకట్ట మీదుగా బ్రిటిష్ వాయుసేన 617వ దళం విమానాలు బాగా కిందికి దిగి ఎగురుతున్నాయి. జర్మనీ ఆనకట్టలను బద్దలు కొట్టడానికి అది సాధన. మే 16 రాత్రి బయలుదేరి మోనే, ఈడర్ ఆనకట్టలను కొట్టారు. ఆ వరదలో వెయ్యిమందికి పైగా పోయారు. వారిలో ఎంతోమంది వెట్టిపనికి తెచ్చిన పరదేశి కూలీలు. ఒకే లోయలో ఒక ఊరు నీళ్లలోకి వెళ్లడానికి సిద్ధమవుతుంటే, ఆ ఊరి నెత్తిమీదే ఇంకెవరి ఊళ్లనో ముంచే కసరత్తు జరిగింది. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి ఆ నీటి ఫొటో చూసినా నా మనసు నిలవదు.

1945 సెప్టెంబర్ 25న ఆరవ జార్జి రాజు జలాశయాన్ని ప్రారంభించారు. చర్చి శిఖరాన్ని మాత్రం జ్ఞాపకంగా ఉంచారు. నీటి మధ్యన ఆ రాతి మొన ఒక్కటీ పైకి తేలి కనిపించేది. జనం దాని దగ్గరికి ఈదుకుంటూ వెళ్లడం మొదలుపెట్టేసరికి, ప్రమాదమని 1947 డిసెంబర్ 15న పేల్చేశారు.

డర్వెంట్ ఊరి వంతెన కథ వేరు. మన పెరికె ఎడ్లలాగా సరుకు మోసే గుర్రాల కోసం కట్టిన సన్నని రాతి వంతెన అది. రాయి రాయికీ అంకె వేసి విప్పి దాచారు. 1959లో హౌడెన్ జలాశయానికి ఎగువన, స్లిప్పరీ స్టోన్స్ అనే చోట మళ్లీ పేర్చారు. ఈనాటికీ దాని మీద నడవచ్చు. రాయికి అంకె వేసినంత శ్రద్ధగా ఆ ఊరి మాటలకూ, పొలాల పేర్లకూ ఎవరైనా అంకె వేశారా అని నేను అడుగుతూనే ఉంటాను.

1976, 1995, 2018, 2022 కరువుల్లో నీరు తగ్గి డర్వెంట్ ఊరి గోడల మొదళ్లు బయటపడ్డాయి. 2018లో చూడవచ్చిన జనం గుంపులు కట్టారు.

ఈ దృశ్యం మనకు కొత్త కాదు. కృష్ణ తగ్గిన వేసవిలో సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటికి వస్తుంది. శ్రీశైలం జలాశయం కోసం పాత గుళ్లను రాయి రాయీ విప్పి అలంపురం దగ్గర నిలబెట్టాం. అది మంచి పనే. అదే జలాశయం కింద మునిగిన ఊళ్ల నుంచి 1981లో మూటాముల్లె సర్దుకుని కదిలిన పిల్లలకే ఇప్పుడు యాభై దాటాయి. వాళ్ల అమ్మానాన్నల్లో ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. మీ చుట్టాల్లో, ఇరుగుపొరుగులో అలాంటి పెద్దవారెవరైనా ఉంటే ఈ సెలవుల్లోనే వెళ్లి పక్కన కూర్చోండి. వీధి ఎటు తిరిగేదో, బొడ్రాయి ఎక్కడుండేదో, ఏ చేనుకు ఏం పేరో అడిగి రాసుకోండి. ఆ కాగితాలు ఈ సభ జరుపుతున్న సంస్థకు పంపండి, భద్రపరుస్తాం.