పాప ఒళ్లో విమానం

(ప్రసంగ పాఠం)



మెక్సికో చిత్రకారిణి ఫ్రీదా కాలో (1907–1954) అనగానే ఆమె తనను తాను గీసుకున్న చిత్రాలే గుర్తొస్తాయి. ఈవేళ ఆమె గీసిన ఒక పాప చిత్రం గురించి మాట్లాడతాను. 1942 నాటి ఆ చిత్రం పేరు ‘తెవాకాన్ పాప లూచా మరియా’. ‘సూర్యుడూ చంద్రుడూ’ అని దానికే ఇంకో పేరు.

సంప్రదాయ దుస్తుల్లో కూర్చున్న చిన్నపిల్ల. వెనక తెయోతివాకాన్‌లోని సూర్య, చంద్ర పిరమిడ్లు. ఆకాశం ఒకవైపు పగలు, మరోవైపు రాత్రి. ఇంతవరకే చూస్తే ప్రాచీన సంస్కృతిని పొగిడే చిత్రమే అనుకుంటాం. మరి పాప ఒళ్లో ఏముంది? పువ్వు కాదు, లక్కపిడతలు కావు. సైన్యం రంగులు పూసిన ఆటవిమానం. మెక్సికో రెండో ప్రపంచయుద్ధంలోకి దిగింది కూడా 1942లోనే.

1910లో మొదలైన విప్లవం తర్వాత మెక్సికోలో ఆదివాసుల దుస్తులు జాతీయతకు గుర్తయ్యాయి. ఫ్రీదా కూడా తెవాంతెపెక్ స్త్రీల దుస్తులు ఇష్టపడి వేసుకునేది. అది ఆమె ఎంపిక. చిన్నపిల్లకు ఆ ఎంపిక ఎక్కడిది? జాతి ప్రాచీనతను స్త్రీల ఒంటిమీద చూసుకుని మురిసిన ఆ దేశం, జాతీయ ఎన్నికల్లో వాళ్లకు ఓటు ఇచ్చింది 1953లో. అంటే ఈ చిత్రం వేసిన 11 ఏళ్లకు.

ఆ విమానాన్ని రెండు రకాలుగా చదవొచ్చు. యుద్ధం పసిపిల్లల ఒడిలోకీ వచ్చిపడిందని ఒకటి. ఈ పిల్ల గతానికి చెందినది కాదు, ఈ కాలపు మనిషేనని రెండోది. నాకు రెండూ సరైనవే అనిపిస్తాయి. విమానం తీసేస్తే పాప కూడా పిరమిడ్ల పక్కన మరో పురావస్తువు అయిపోతుంది.

మనకు దీంతో పనేమిటంటారా? స్వచ్ఛంద సంస్థల క్యాలెండర్లు, వార్షిక నివేదికల అట్టలు చూడండి. అద్దాల రవికెలో నవ్వుతున్న లంబాడీ పాప. 1999లో తెలంగాణ తండాల్లో ఆడశిశువులను దత్తత పేరుతో అమ్మేస్తున్న సంగతి బయటపడింది. అద్దాల రవికె అందరికీ ముద్దు. దాన్ని తొడుక్కోవలసిన పిల్ల మాత్రం అమ్ముడుపోయింది. తండాలో పేదరికం, కట్నం, కొడుకు కావాలన్న ఒత్తిడి ఏ ఫోటోలోనూ పడవు.

పిల్లల క్షేమం కోసం పేరు దాచవలసి రావచ్చు. బతుకును దాచనక్కర్లేదు. ఇకమీదట అట్టమీద ఒక పాపను వేసేముందు అడుగుదాం: ఈ బట్టలు ఆమె రోజూ వేసుకునేవేనా, ఫోటో కోసం వేయించినవా? ఆమెనూ, తల్లినీ అడిగారా? తన ఒళ్లో ఏం ఉండాలని ఆ పాప కోరుకుంటోంది?