ఇంట్లో మైనింగ్ యంత్రం: మీటరు చెప్పే లెక్క

గిద్దలూరులోనో మార్కాపురంలోనో ఇంటి గదిలో బిట్‌కాయిన్ మైనింగ్ యంత్రం పెట్టాలనుకునేవారు ముందు చూడాల్సింది దాని ధర కాదు, కరెంటు మీటరు.

పాత ఆంట్‌మైనర్ ఎస్9 సెకండ్‌హ్యాండ్‌లో చవకే. సెకనుకు సుమారు 13.5 టెరాహాష్‌లు (ఒక్కోటి లక్ష కోట్ల హాష్ లెక్కలు) చేస్తూ 1,300 వాట్లకు పైగా లాగుతుంది. కొత్త ఎస్21ది 200 టెరాహాష్‌లు, 3,500 వాట్లు. ఒక్కో టెరాహాష్‌కు పాతదానికి దాదాపు 98 వాట్లయితే కొత్తదానికి 17.5 చాలు. చవకని పాతది కొంటే దండగే.

అలాగని కొత్తదీ ఇంటికి తగినది కాదు. రోజుకు 84 యూనిట్లు, నెలకు 2,520! ఆంధ్రప్రదేశ్ గృహ టారిఫ్‌లో 400 దాటాక యూనిట్ 9.75 రూపాయలు. ఈ ఒక్క యంత్రానికే బిల్లు 23 వేలు దాటుతుంది. పైగా తిన్న కరెంటంతా వేడిగా మారుతుంది. ఫ్యాన్ల మోత 75 డెసిబెల్స్. ఇక్కడి మే నెల ఎండల్లో ఆ గదిలో ఎవరు పడుకోగలరు?

అరచేతిలో ఇమిడే చిన్న మైనింగ్ యంత్రం బిటాక్స్ గామా సంగతి వేరు. 17 వాట్లు, నెలకు 12 యూనిట్లు. దానితో ఒంటరిగా బ్లాక్ (బహుమతి తెచ్చే లావాదేవీల కట్ట) సాధించడం లాటరీయే కానీ, విద్యార్థులు పని నేర్చుకోవడానికి మంచి సాధనం.

ఇక రాబడి సంగతి. 2024 ఏప్రిల్‌లో బ్లాక్ బహుమతి 3.125 బిట్‌కాయిన్లకు తగ్గింది. బిట్‌కాయిన్లు అమ్మితే వచ్చే లాభంపై 30 శాతం పన్ను. అందులో యంత్రం ఖర్చు మినహాయించరు.