పిల్లలు తీసిన చిత్రములు – పెద్దలు చూడవలసిన తీరు

(సండే స్కూలు ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల కూటములో చేసిన ప్రసంగము)



శతవార్షికోత్సవపు రెండవ రోజు సాయంత్రము, మన బడి పిల్లలు సెల్‌ఫోనుతో తీసిన చిన్న చిత్రములను దేవాలయ ఆవరణలో తెర కట్టి ఊరందరికీ చూపవలెనని కమిటీవారు తలంచారు. "గుడి ఆవరణలో సినిమా ఏమిటి?" అని కొందరు, "పిల్లలాటను జనము ముందు పెట్టి నవ్వులపాలు కావడమెందుకు?" అని మరికొందరు అడిగారు. రెండూ అడగదగిన ప్రశ్నలే.

మొదటిదానికి జవాబు మన అనుభవములోనే ఉన్నది. 1978లో వచ్చిన "కరుణామయుడు" చిత్రమును తెలుగు పల్లెలలో తెర కట్టి ఎన్ని రాత్రులు చూపలేదు? తెర మనకు కొత్త కాదు. కొత్త సంగతి ఒక్కటే: ఈసారి తెర మీద మాట్లాడేది మన పిల్లలు.

ఇక రెండవ ప్రశ్న. 1895 డిసెంబరు 28న పారిస్ నగరములో ల్యూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి పది చిత్రములు చూపారు. ఒక్కొక్కటి నిమిషమైనా లేదు. వాటిలో ఒకటి, ఆ సోదరులలో ఒకరు భార్యతో కూర్చుండి తమ పసిబిడ్డకు తినిపించే దృశ్యము. అంటే సినిమా తొలినాళ్లలోనే ఇంటి సంగతి తెర కెక్కింది. మన హైదరాబాదులో జరుగుతూ వచ్చిన అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవములో కూడా, 2013లో పిల్లలు తామే తీసిన చిత్రములకు ప్రత్యేక పోటీ విభాగము పెట్టారు.

తల్లిదండ్రులు చూస్తే చాలదా అంటారేమో. తల్లి తన బిడ్డను చూస్తుంది. పరాయివాడు బిడ్డ చెప్పిన సంగతిని చూస్తాడు. కుళాయి వద్ద బిందెల వరుసను ఒక పిల్లవాడు తీశాడనుకోండి. తల్లి "మావాడు ఎంత బాగా తీశాడో!" అని మురిసిపోతుంది. అదే సర్పంచిగారు చూస్తే నీళ్లెందుకు రావడము లేదో చెప్పవలసి వస్తుంది. పిల్లలు తమకు నచ్చిన సాధనముతో తమ మాట చెప్పుకొనే హక్కును 1989 నాటి ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడిక గుర్తించింది. మన దేశము 1992లో దానిని అంగీకరించింది.

అయితే నలుగురిలో చూపడములో ప్రమాదము కూడా ఉన్నది. ఒక బాలిక తన ఇంటిని గూర్చి తీసిందనుకోండి. తాగి వచ్చిన తండ్రి, మాట్లాడకుండా అన్నము వడ్డించే తల్లి. చిత్రము చక్కగా ఉన్నది. చూపుదామా? మరునాడు ఆ బాలిక ఆ ఇంటిలోనే ఉండాలి, ఆ వీధిలోనే బడికి నడవాలి. కనుక చిత్రము బాగుందా అన్నది రెండవ ప్రశ్న. ఆ బిడ్డకు ఏమవుతుంది అన్నది మొదటి ప్రశ్న. ఊరందరూ చూస్తారని నెమ్మదిగా చెప్పి, ఆమెను అడగండి, తల్లిని అడగండి. ఒక్కరు వద్దన్నా ఆపండి.

కాని ఆపడము దాచడము కాకూడదు. కాపరి గాని ఉపాధ్యాయురాలు గాని ఆ ఇంటి గడప తొక్కాలి. బిడ్డకు హింస జరుగుతున్నదని తెలిస్తే 1098కు ఫోను చేయాలి. లైంగిక అత్యాచారమైతే, 2012 పోక్సో చట్టము ప్రకారము తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. సంఘము పరువు పేరిట మౌనము వహించరాదు.

పాటల సంగతి ఒకటి ఉన్నది. పిల్లలు చిత్రము వెనుక సినిమా పాట పెడతారు. విద్యార్థులు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, బడితో సంబంధము గలవారు మాత్రమే చూసే బడి ప్రదర్శనకు 1957 కాపీరైటు చట్టము వెసులుబాటు ఇచ్చింది. ఊరందరినీ పిలిచిన సభకు అది వర్తించదు. మన పిల్లలకు డప్పు ఉన్నది, హార్మోనియము ఉన్నది, సొంత గొంతు ఉన్నది. అవి చాలు.

ఏర్పాట్లను గూర్చి కొన్ని మాటలు. ఒక్కొక్క చిత్రము 5 నిమిషములు మించకుండా, మొత్తము ముప్పావు గంటలో ముగించండి. ముందురోజే అన్నిటినీ ఒకే పెన్‌డ్రైవులో ఎక్కించి ప్రొజెక్టరు మీద వేసి చూడండి. బొమ్మ మసకగా ఉన్నా జనము ఓర్చుకుంటారు గాని మాట వినబడకపోతే లేచిపోతారు; కనుక స్పీకర్లు మంచివి తెప్పించండి. ఆవరణలో చూపడానికి ఇచ్చిన అనుమతి యూట్యూబులో పెట్టడానికి అనుమతి కాదు. ఎవరూ ఫోనులలో రికార్డు చేయవద్దని ముందే చెప్పండి. బహుమతులు వద్దు. ప్రతి చిత్రము తరువాత ఒక పెద్ద లేచి ఒక ప్రశ్న అడగాలి. "ఎవరు నేర్పించారు?" అని కాదు, "ఈ సంగతి నీకెందుకు తోచింది?" అని.

అయిదు రొట్టెలు, రెండు చేపలు తెచ్చిన చిన్నవాని పేరైనా మనకు తెలియదు. శిష్యునికి అవి చాలవనిపించింది. ప్రభువు మాత్రము వాటిని అందరి ముందు చేతిలోనికి తీసుకున్నాడు. నూరేండ్లుగా ఈ అధ్యక్ష ఖండములో పెద్దలు చెప్పారు, పిల్లలు విన్నారు. ఒక్క సాయంత్రము వారు చెప్పనీయండి. ఆ రాత్రి చూసిన బిందెల వరుసను గూర్చి మరుసటి వారము మన కమిటీ కూర్చుండి మాట్లాడిననాడే, మనము నిజముగా చూసినట్లు.